పద్నాలుగో ఇంటి ఫ్యాను

ముప్పై మూడేళ్ళు నేను ఫ్యాన్లు చూశాను. ఈ మాట చెబితే జంషెడ్‌పూర్‌లో జనం నవ్వుతారు. ఈ ఊళ్ళో ప్రతివాడూ కొలిమి దగ్గర చేశానంటాడు, క్రేను నడిపానంటాడు, మిల్లులో చెయ్యి కాల్చుకున్నానంటాడు. నేను మాత్రం నిచ్చెన భుజాన వేసుకుని ఇళ్ళల్లోకి వెళ్ళి, మంచం పక్కకి జరిపించి, ఫ్యాను విప్పేవాణ్ణి. మా బావమరిది పెళ్ళిళ్ళలో నన్ను "మా పంకా బావ" అని పరిచయం చేస్తాడు. చెయ్యనివ్వండి. మే నెల మధ్యాహ్నం ఇంట్లో గాలి ఆగిపోతే ఆ కొలిమి మనుషులే పరుగెత్తుకొచ్చి నా తలుపు కొట్టేవారు.

నా పేరు అప్పారావు. ఉండేది సీతారామ్‌డేరాలో. పనిచేసింది ఖర్కాయీ నది దాటి ఆదిత్యపూర్‌లో, ఒక కంపెనీ క్వార్టర్ల కాలనీలో. కంపెనీ పేరు మీకు అనవసరం. పాత కట్టడం, నాలుగు లైన్లు, అరవై నాలుగు ఇళ్ళు, పన్నెండడుగుల కప్పు. ఆ ఇళ్ళన్నిటికీ కరెంటు మనిషిని నేనే. రిటైరైన రోజు శాలువా కప్పి, ఏ గ్రేడులో చేరి ఏ గ్రేడులో దిగానో చదివి వినిపించారు. అదేదీ ఇక్కడ రాయను. ఐ.టి.ఐ. చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి, ఆ కాగితంలో లేనిది చెబుదామని కూర్చున్నాను. నచ్చితే వినండి, నచ్చకపోతే మీ ఇష్టం. నేను మాత్రం మాట మార్చను.

ఫ్యాను గదిని చల్లబరచదు

ముందు ఇది బుర్రకెక్కించుకోండి. ఫ్యాను మనిషిని చల్లబరుస్తుంది. ఒంటి మీద చెమటని ఆరబెడుతుంది, అంతే. గదిలో మనిషి లేనప్పుడు తిరిగే ఫ్యాను గోడలకి విసురుతున్నట్టే. "గది చల్లబడుతుంది కదా, తిరగనీ" అని స్విచ్చి వేసి బజారుకెళ్ళిన ఇళ్ళలో నేను అడక్కుండానే ఆపేసేవాణ్ణి. తిట్టినవాళ్ళున్నారు. ఇప్పటికీ ఆపుతాను.

రెండోది, ఫ్యాను కప్పుకి అంటుకుని ఉంటే గాలి రాదు. పైనుంచి గాలిని లాక్కోడానికి దానికి చోటు కావాలి. పన్నెండడుగుల కప్పుకి జానెడు రాడ్డు బిగించి, గాలి రావడం లేదంటే మోటారు మార్చినవాళ్ళని చాలామందిని చూశాను. రాడ్డు పొడుగు పెంచండి. మనిషి తలకి రెక్క తగలనంత ఎత్తు వదిలి, మిగిలినంతా కిందికి దించండి. మోటారు జోలికి పోకండి.

మూడోది, పాత పెట్టె రెగ్యులేటర్లు. ఫ్యాను నెమ్మదిగా తిరిగితే కరెంటు మిగిలిందనుకుంటారు. ఆ పెట్టె మీద చెయ్యి వేసి చూడండి, వేడిగా ఉంటుంది. మిగిలిందనుకున్న కరెంటులో చాలా భాగం అక్కడ కాలుతోంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు వచ్చాక ఆ గొడవ తగ్గింది. మా కాలనీలో వాటిని మార్చమని ఆరేళ్ళు అడిగాను. ఏడో ఏడు, వేరే ఎవరో అడిగారని మార్చారు.

ఇవన్నీ నాకు నేర్పింది బాసు మిస్త్రీ. బెంగాలీ, మోటార్ల వైండింగు పనివాడు, నేను చేరిన కొత్తలో నా గురువు. మాటకి ముందు చెయ్యి లేచేది. ఏ ఫ్యాను దగ్గరికి తీసుకెళ్ళినా ముందు నిచ్చెన ఎక్కనిచ్చేవాడు కాదు. "పహలే నీచే ఖడా హో. దేఖ్," అనేవాడు. ముందు కింద నిలబడి చూడు అని. రెక్కకి రెండు అంచులుంటాయి, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. తిరిగేటప్పుడు పై అంచు ముందు నడిస్తే గాలి కిందికి వస్తుంది. కింది అంచు ముందు నడిస్తే గాలి పైకి పోతుంది. నెమ్మదిగా తిప్పి చూస్తే కంటికి తెలుస్తుంది. ఈ ఒక్క సంగతీ సరిగ్గా చూసుకోనందుకే నేను ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను.

చలికాలం పని

మన కోస్తావాళ్ళకి జంషెడ్‌పూర్ చలి అర్థం కాదు. పుష్యంలో గచ్చు మీద కాలు పెడితే జివ్వుమంటుంది. కాలనీలో సగం ఇళ్ళలో గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపులూ కిటికీలూ బిగించుకుని కూర్చునేవారు. బొగ్గు పొగకి మనుషులు నిద్రలోనే పోయిన ఇళ్ళ గురించి అందరికీ తెలుసు. అయినా పెట్టుకునేవారు. చలికి ఎవరు మాత్రం ఏం చేస్తారు?

హీటరు పెడితే వేడంతా పన్నెండడుగుల పైకి పోయి కప్పు కింద కూర్చుంటుంది. మంచం మీద మనిషికి కాళ్ళు చల్లగానే ఉంటాయి. అప్పుడు ఫ్యానుని ఎదురు తిప్పి, అన్నిటికంటే తక్కువ వేగంలో పెట్టాలి. అది గది మధ్యలో గాలిని పైకి లాగి, కప్పు కిందున్న వేడిని గోడల వెంట కిందికి నెడుతుంది. ఒంటికి గాలి తగలదు. హీటరు అరగంట వేసి ఆపేసినా చాలాసేపు గది వెచ్చగా ఉంటుంది. కుంపటి అక్కర్లేదు.

ఇప్పటి రిమోటు ఫ్యాన్లలో దీనికి ఒక బటను ఉంటోంది. అప్పుడు లేదు. మెయిన్ ఆపి, నిచ్చెన ఎక్కి, ఫ్యాను రాడ్డుకుండే గిన్నెలాంటి మూత దించి, కండెన్సరు దగ్గర వైర్లు అటుదిటు ఇటుదటు మార్చాలి. అన్ని మోటార్లూ దీనికి ఒప్పుకోవు. తెలియకపోతే చెయ్యి పెట్టకండి.

మా ఫోర్‌మన్ సిన్హా సాబ్‌కి ఇది మొదట్నుంచీ నచ్చలేదు. "ఠండ్ మే పంఖా? పాగల్ హో క్యా?" అనేవాడు. చలిలో ఫ్యానా, పిచ్చా అని. చలికాలంలో ఫ్యాన్లు ఆపేసి ఉంచడమే పొదుపని ఆయన లెక్క. ఫ్యాను తినేది ఎంత, హీటరు తినేది ఎంత అని చెప్పబోతే వినేవాడు కాదు. నేను అడిగినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి తిప్పుతూనే ఉన్నాను. నవంబరులో ఎదురు, ఫిబ్రవరిలో మళ్ళీ సరి. మొదట్లో నాలుగైదు ఇళ్ళు. అవి బుర్రలోనే ఉండేవి.

గడప దగ్గర సుద్దగీత

సన్యాసమ్మ పిన్ని నాలుగో లైనులో ఉండేది. పలాస దగ్గర పల్లె. నాకు చుట్టం కాదు, కానీ మా వైపు మనిషి గనక పిన్ని అయింది. కొడుకు రమణ కంపెనీలో క్రేను ఆపరేటరు. ఆవిడకి ఆయాసం. చలికాలం వస్తే మంచం పక్కనే కుంపటి పెట్టుకునేది, ఆ పొగకి రాత్రంతా దగ్గేది. ఒక నవంబరులో నేను ఆ కుంపటిని బయట పారేసి, ఫ్యాను ఎదురు తిప్పాను.

"సలికాలంలో ఫేనేట్రా అప్పారావా? నన్ను సంపేత్తావేటి?" అంది.

"వారం సూడు పిన్నీ. బాగోకపోతే నీ కుంపటి నానే తెచ్చిస్తాను."

వారం తర్వాత ఆవిడ ఇరుగుపొరుగుకి చెప్పింది. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. ఆ ఏడాది మొత్తం పద్నాలుగు ఇళ్ళు తిప్పాను. అన్ని ఇళ్ళు బుర్రలో ఉండవని, తిప్పిన ఇంటికల్లా వీధి గుమ్మం అడుగున, గడపకి ఆనుకుని, చిన్న సుద్దగీత పెట్టాను. గోడల మీద రాస్తే సిన్హా సాబ్ ఊరుకోడు. గడప దగ్గరైతే ఎవరి కన్నూ పడదు. ఫిబ్రవరిలో లైన్ల వెంట నడుస్తూ గీత కనిపించిన ఇంట్లోకి వెళ్ళి, ఫ్యాను సరిచేసి, గీత చెరిపేశాను. ఇళ్ళు లెక్కపెట్టుకోలేదు. గీతలు అయిపోయాయి, పని అయిపోయిందనుకున్నాను.

ఆ పద్నాలుగు ఇళ్ళలో తెలుగు ఇల్లు సన్యాసమ్మ పిన్నిది ఒక్కటే. తెలుగింట్లో శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తారు. మా ఇంట్లో మా ఆవిడ రాస్తుంది, నేను ఆ పసుపు తొక్కకుండా దాటుకుని డ్యూటీకి పోతాను. ఇరవై ఏళ్ళు దాటుకుని పోయిన నాకు, తెలుగింటి గడప దగ్గర సుద్దగీత వారం కూడా నిలవదని తట్టలేదు. బీహారీ ఇళ్ళలో, బెంగాలీ ఇళ్ళలో గీత మూడు నెలలు ఉంది. మన ఇంట్లో మొదటి శుక్రవారానికే పోయింది.

పిన్ని జనవరి చివర్లో పలాస కూతురి దగ్గరికి వెళ్ళి మే నెల మొదట్లో తిరిగొచ్చింది. అప్పటిదాకా ఆ గదికి తాళం. వచ్చిన రోజు నుంచీ వడగాలి. ఫ్యాను అయిదులో పెట్టింది. గిర్రున తిరుగుతోంది, గాలి లేదు. ఆ వారం నేను మా ఆవిడ కంటి ఆపరేషనుకి విశాఖపట్నంలో ఉన్నాను. రమణ కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ని పిలిచాడు. అతను కండెన్సరు మార్చాడు, వైర్లు ఎలా ఉన్నవి అలాగే బిగించాడు. ఫ్యాను ఇంకా జోరుగా తిరిగింది. తిరుగుతున్న ఫ్యానుని ఎవరు అనుమానిస్తారు? పిన్ని కోడలితో, "ఫేను బాగానే ఉంది. గాలి నాకే తగల్డం నేదు, వయసైపోనాది గదా," అందట. మూడో రోజు మధ్యాహ్నం మంచం మీద స్పృహ తప్పి ఉంటే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారు.

నేను ఊర్నించి వచ్చి సంగతి విని తిన్నగా ఆ ఇంటికి వెళ్ళాను. గది మధ్యలో నిలబడి రెగ్యులేటరు ఒకటికి దించి చూశాను. కింది అంచు ముందు నడుస్తోంది.  అక్కడే మంచం మీద కూలబడ్డాను.

రాసిచ్చిన కాగితం

పిన్ని బతికింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. మనిషి సగమైంది.

సిన్హా సాబ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయన నాకు మేలు చేద్దామనే అనుకున్నాడు, అది ఒప్పుకోవాలి. "లిఖ్ దో, కండెన్సర్ ఖరాబ్ థా. బాత్ ఖతమ్." కండెన్సరు పోయిందని రాస్తే తప్పు ఆ కాంట్రాక్టు అతని నెత్తిన పడుతుంది. అతన్ని కాలనీలోకి మళ్ళీ రానివ్వరు. నాకు ఏమీ కాదు.

నేను ఏం జరిగిందో తెల్లకాగితం మీద రాశాను. నవంబరులో తిప్పింది నేనే, ఫిబ్రవరిలో సరిచెయ్యనిదీ నేనే అని. సంతకం పెట్టి ఆయన బల్ల మీద పెట్టాను. గొప్ప కోసం రాయలేదు. రాయకపోతే ఆ ఇంటి ముందు నుంచి నడవలేను, అందుకు రాశాను.

తర్వాత రమణ దగ్గరికి వెళ్ళాను. అప్పటికింకా పిన్ని ఆసుపత్రిలోనే ఉంది, అతను వరండాలో ఉన్నాడు.

"నానే సేసేను రమణా. గీత సెరిగిపోనాది, మర్సిపోనాను."

"మా అమ్మ సచ్చిపోతే ఏటి సేసేవోడివి? సెప్పు! ఇంకో కాయితం రాసేవోడివా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మీరూ ఈ పనిలో ఏదో ఒక రోజు తప్పు చేస్తారు. చేశాక జవాబు దొరుకుతుందని ఎదురుచూడకండి.

నాకు మూడు రోజులు పని ఆపేశారు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఇకమీదట కాలనీలో ఏ ఫ్యానూ ఎదురు తిప్పకూడదు, తిప్పితే చర్య తప్పదు. అందరూ అది సబబే అన్నారు. నేను కాదన్నాను. ఎదురు తిప్పడం తప్పు కాదు. తిప్పినవాడు గుర్తు నిలిచే చోట పెట్టకపోవడం, ఇళ్ళు లెక్కపెట్టకపోవడం తప్పు. ఆ తప్పు నాది, పనిది కాదు. మనిషి చేసిన పొరపాటుకి పనినే నిషేధించే ఆఫీసర్లు మీకూ తగులుతారు. తల వంచి తప్పు ఒప్పుకోండి. పనిని మాత్రం వాళ్ళకి ఒప్పగించెయ్యకండి.

కుంపటి

నవంబరు వచ్చింది. ఒక సాయంత్రం రమణ కూతురు పింకీ మా స్టోరు దగ్గరికి వచ్చింది. అప్పుడు పదేళ్ళుంటాయి. ఆ పిల్ల తెలుగు వింటుంది, జవాబు హిందీలో చెబుతుంది.

"అంకుల్, మామ్మ ఆప్‌కో బులా రహీ హై." మామ్మ నన్ను పిలుస్తోందట.

"ఏటి పనట?"

"సీఢీ లేకే ఆనా, బోలా." నిచ్చెన తీసుకుని రమ్మందట.

వెళ్ళాను. గుమ్మంలో రమణ అడ్డంగా నిలబడ్డాడు. ఆర్నెల్లుగా నాతో మాట లేదు. లోపల్నించి బొగ్గు వాసన, దగ్గు. ఫ్యాను తిప్పకూడదన్నారు గనక కుంపటి మళ్ళీ గదిలోకి వచ్చేసింది.

"నువ్వు ఎల్లిపో అప్పారావన్నా. నాను గట్టిగా మాటాడకముందే ఎల్లిపో."

లోపల్నించి పిన్ని గొంతు. "ఒరే రమణా, దగ్గుతన్నది నువ్వా, నేనా? ఆడ్ని రానీ."

"సంపబోయినోడే అమ్మా ఈడు!"

"సెప్పుకున్నాడు గదరా, నానే సేసేనని. సెప్పుకున్నోడు మళ్ళీ సెయ్యడు. సెప్పనోడ్ని తెత్తావేటి నాకు?"

 రమణ పక్కకి తప్పుకున్నాడు. నేను కుంపటి తీసుకెళ్ళి పెరట్లో నీళ్ళు పోశాను. మెయిన్ ఆపి నిచ్చెన ఎక్కాను. వైర్లు మార్చాను. ఈసారి ఫ్యాను మూత మీదే, కింద నిలబడిన ఎవరికైనా కనబడేలా ఎర్ర రంగుతో బొట్టు పెట్టాను. పాకెట్ బుక్కులో ఇల్లు రాసుకుని, వరస అంకె వేశాను. దిగబోతూ చూస్తే నిచ్చెన పట్టుకుని ఉన్నది రమణే.

మర్నాడు సిన్హా సాబ్ పిలిచాడు. ఎవరో చెప్పేశారు. "నోటీస్ పఢా థా?" అన్నాడు.

చదివానన్నాను. ఆయన బల్ల మీద నుంచే ఒక తెల్లకాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "సాబ్, నాలుగో లైనులో డెబ్భై ఏళ్ళ మనిషి ఆయాసంతో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటోంది. పెట్టుకోమని ఇందులో రాసి మీరు సంతకం పెట్టండి. ఇప్పుడే వెళ్ళి ఫ్యాను మళ్ళీ మార్చేస్తాను," అని హిందీలో చెప్పాను.  భయపడలేదని చెప్పను. ఇంట్లో పెళ్ళి కావలసిన కూతురు, చదువుకుంటున్న కొడుకు. ఈ కంపెనీ ఉద్యోగం తప్ప ఇంకే ఆధారమూ లేదు.

ఆయన కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. కలం తియ్యలేదు. కాగితం పక్కకి నెట్టి, "జావో, కామ్ కరో," అన్నాడు. వెళ్ళి పని చూసుకో అని. నోటీసు బోర్డు మీదే ఉండిపోయింది. ఎండకి రంగు వెలిసి, ఒక రోజు వానకి ఊడిపడింది. దాన్ని ఎవరూ మళ్ళీ అంటించలేదు. ఈలోగా ఆ చలికాలం ఇరవై ఇళ్ళలో ఎర్ర బొట్టు పెట్టాను.

ఫిబ్రవరి మొదటి ఆదివారం రమణ మా ఇంటికి వచ్చాడు. టీ తాగి, లేవబోతూ అన్నాడు. "ఏటా ఫిబ్రవరిలో ఫేను సంగతి నానే వచ్చి గుర్తు సేత్తానన్నా."

"నువ్వు రానక్కర్లేదు రమణా. నువ్వు పిలిసినా, పిలవకపోయినా నాను వత్తాను."

ఈ మాట కోపంతో అనలేదు. కానీ మెత్తగానూ అనలేదు.

ఆఖరి ఇల్లు

ఆ తర్వాత నేను దిగిపోయేదాకా ఒక్క ఇల్లూ తప్పలేదు. రెండేళ్ళ కిందట డిసెంబరు నెలాఖరుకి రిటైరయ్యాను. కాలనీ పని మొత్తం కాంట్రాక్టరు చేతికి వెళ్ళింది. పాకెట్ బుక్కు కొత్తగా వచ్చినవాళ్ళకి ఇచ్చి, ఏ ఇంట్లో ఏ ఫ్యాను ఎటు తిరుగుతోందో చెప్పాను. ఒక్క పిన్ని ఇల్లు మాత్రం ఇవ్వలేదు. ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను.

జనవరిలో సన్యాసమ్మ పిన్ని పోయింది. వయసుకి పోయింది, మంచం మీద, వెచ్చటి గదిలో, కొడుకు పక్కనుండగా. స్నానం, దహనం అన్నిటికీ ఉన్నాను.

ఫిబ్రవరిలో, ఆ గది ఫ్యాను సరి తిప్పడానికి, సొంత నిచ్చెన తీసుకుని కాలనీకి వెళ్ళాను. గేటు దగ్గర గార్డు కొత్తవాడు. పాస్ అడిగాడు. లేదన్నాను. ఏం పని అన్నాడు. ఫ్యాను పని అన్నాను. కాంట్రాక్టరు మనుషులు తప్ప ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. అయితే పోలీసుని పిలవమని చెప్పి లోపలికి నడిచాను. అతను ఎవరినీ పిలవలేదు.

రమణ డ్యూటీలో ఉన్నాడు. తలుపు తీసింది పింకీ. అప్పటికి కాలేజీ చదువుతోంది. గదిలో మంచం మీద పరుపు చుట్టి ఉంది.

"అంకుల్, అబ్ యహా కోయీ నహీ సోతా," అంది. ఇప్పుడీ గదిలో ఎవరూ పడుకోవడం లేదని.

"పడుకోకపోతే పడుకోకండమ్మా. మీ మామ్మ ఫేనుకి ఏటా వత్తానని మీ నాన్నకి సెప్పేను," అన్నాను.

 పింకీ వెళ్ళి మెయిన్ ఆపి వచ్చింది. మంచం తనే పక్కకి లాగింది.